24 గుడ్ల ఇంక్యుబేటర్: పిల్లలు తీయడానికి కాదు, పిండం మలుపులు చూడటానికి

పేర్లు మారతాయి, సరుకు ఒకటే. అడుగున తెల్ల ప్లాస్టిక్ తొట్టి, పైన పసుపు అంచున్న పారదర్శకమైన మూత, లోపల గుడ్లను దొర్లించే రోలర్లు, మూతకు వేలాడే చిన్న ఫ్యాను, దాని పక్కన హీటర్ తీగ, ముందు ఎర్ర అంకెల డిస్‌ప్లే. ఆన్‌లైన్లో 6 వేల నుంచి 8 వేల రూపాయల మధ్య ఉంటోంది. నాటు కోళ్లు పెంచేవాళ్ల కోసం అమ్ముతున్న ఈ పెట్టెను ఇక్కడ వేరే పనికి పెట్టి చూశాం. వరంగల్, హన్మకొండ వైపు డిగ్రీ కాలేజీల్లో బీఎస్సీ జువాలజీ విద్యార్థులకు కోడి పిండాన్ని బతికుండగా చూపించడానికి ఇది సరిపోతుందా అన్నదే ప్రశ్న.

సరిపోతుంది. కానీ డబ్బా విప్పి ప్లగ్ పెట్టిన రోజే కాదు. ఉష్ణోగ్రత మళ్లీ సరిచూసుకోవాలి, మొదటి మూడు రోజులు గుడ్లు తిప్పే మోటారు వైరు పీకేయాలి, రెండు నీటి కాలువల్లో ఒక్కదాన్నే నింపాలి. ఈ మూడూ చేస్తే పిండం చూసే పనికి 5కు 4 మార్కులు ఇవ్వొచ్చు. పిల్లలు తీయడానికే కొంటామంటే 2.5 దాటదు.

మన కాలేజీల్లో పిండోత్పత్తి శాస్త్రం అంటే స్లైడ్ల డబ్బానే. పిండం వయసు 18 గంటలు, 24, 33, 48, 72, 96. రంగు వేసి గాజు పలకల మధ్య అణిచిపెట్టిన పిండం. అందులో ఆకారం ఉంటుంది గానీ ఆ ఆకారం తెచ్చిన బలం ఉండదు. 33 గంటల స్లైడులో గుండె కుడివైపు ఉబ్బి కనిపిస్తుంది. ఎందుకు వంగిందని ఎవరైనా అడిగితే జన్యువుల్లో అలా రాసి ఉందని సరిపెట్టేస్తాం. ఏ కణం ఎక్కడ ఎంత పెరగాలో, ఎంత బిగుసుకోవాలో జన్యువులు చెప్తాయి, నిజమే. వంచే పని మాత్రం లాగుడు, తోపుడు, లోపలి నీటి ఒత్తిడి చేస్తాయి. స్విట్జర్లాండ్‌కు చెందిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త విల్హెల్మ్ హిస్ 1874లోనే రబ్బరు గొట్టం ఉదాహరణ చూపించి, పిండంలో మడతలు ఇలాగే పడతాయన్నాడు. జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ ఎగతాళి చేశాడు. తర్వాతి కొలతలు చాలావరకు హిస్ మాటనే నిలబెట్టాయి. ఆ మడత పడుతుండగా చూడాలంటే బతికున్న గుడ్డు కావాలి, దాన్ని సరైన వేడిలో ఉంచే పెట్టె కావాలి.

మొదట గుడ్ల సంగతి, ఎందుకంటే సగం ఫిర్యాదులకు పెట్టె కారణం కాదు. కిరాణా దుకాణంలో ట్రేల్లో వచ్చే ఫారం గుడ్లలో పిండం ఉండదు. అక్కడ పుంజే లేదు. అంగట్లో నాటు గుడ్లు అని అమ్మేవి ఎన్ని రోజులవో అమ్మేవాళ్లకే తెలియదు. పుంజు తిరిగే ఇంటి నుంచో, హేచరీ నుంచో పెట్టిన 7 రోజుల లోపు గుడ్లు తెచ్చుకోవాలి. బండి మీద కుదుపులతో వచ్చిన గుడ్లను మొద్దు కొస పైకి ఉండేలా ఒక పూట కదలకుండా నిలబెట్టాలి. నిల్వకు 15 నుంచి 18 డిగ్రీలు మంచిది. తడి ఇసుకలో కూర్చోబెట్టిన మట్టి కుండ ఎండాకాలం కాని రోజుల్లో ఈ పని బాగానే చేస్తుంది. ఎండాకాలం మాత్రం 32, 35 డిగ్రీల గదిలో గంపలో ఉన్న గుడ్డు కోడి కింద పెట్టకముందే అరకొరగా పెరగడం మొదలుపెట్టి ఆగిపోతుంది. దాన్ని తెచ్చి పెట్టెలో పెట్టి, మూడో రోజు రక్తపు ఉంగరం (పిండం చచ్చిపోయిందనే గుర్తు) చూసి యంత్రాన్ని తిట్టుకోవడం దండగ.

ఇక వేడి. డిస్‌ప్లే 37.8 చూపిస్తుంటే అది ఫ్యాను పక్కనున్న సెన్సర్ దగ్గరి గాలి వేడి. గుడ్డుకు అందే వేడి వేరు. సరిచూడటానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. గుడ్డంత బెలూన్లో నీళ్లు నింపి మూతి కట్టి, గుడ్ల మధ్య పడుకోబెట్టి, మూడు నాలుగు గంటల తర్వాత జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ కొనను దానికి ఆనించి గుడ్డతో కప్పి చదవాలి. బెలూన్‌ను నడుమ ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి పెట్టి చూడాలి. మేం చూసిన పెట్టెలో మధ్యకూ, గది తలుపు వైపున్న మూలకూ ముప్పావు డిగ్రీ తేడా ఉంది. కావాల్సింది 37.5. సెట్ బటన్ నొక్కి పట్టుకుంటే వచ్చే మెనూలో సీఏ అనే అక్షరాల దగ్గర ఆ తేడాను సరిదిద్దుకోవచ్చు. అమ్మేవాళ్లు ఇచ్చిన కాగితంలో ఈ మాట ఉంది గానీ ఆ ఇంగ్లిషు చదివి అర్థం చేసుకోవడమే ఒక ప్రాక్టికల్.

ఈ ముప్పావు డిగ్రీని ఎందుకు పట్టించుకోవాలంటే, పిండం వయసును గడియారంతో లెక్కపెడితే మోసపోతాం. 1951లో హాంబర్గర్, హామిల్టన్ కోడి పిండం ఎదుగుదలను గంటలతో కాకుండా ఆకారంతో 46 దశలుగా విభజించింది అందుకే. చల్లని మూలలో 48 గంటలున్న గుడ్డు, మధ్యలో 42 గంటలున్న గుడ్డులా కనిపించొచ్చు. తరగతిలో చూపించేటప్పుడు వెన్ను వెంట జతలుగా ఏర్పడే చిన్న కణ గుంపులను, అంటే సోమైట్లను లెక్కపెట్టి చెప్పాలి. 10 జతలు కనిపిస్తే పదో దశ. గుండె కుడివైపు ఒరగడం, మొదటి సారి అదరడం ఆ దగ్గర్లోనే.

హీటర్ వేడి చేయగలదు, చల్లబరచలేదు. మే నెలలో వరంగల్లో గది 38 దాటితే హీటర్ ఆగిపోయినా పెట్టె లోపల వేడి దిగదు. పిండం చలిని తట్టుకున్నంతగా వేడిని తట్టుకోదు. మొదటి రోజుల్లో రెండు గంటలు కరెంటు పోయి 30కి పడిపోతే ఎదుగుదల కాస్త వెనకబడుతుంది, అంతే. 40 దాటి కొన్ని గంటలు ఉంటే చచ్చిపోతుంది, లేదా వంకరలతో పెరుగుతుంది. కాబట్టి ప్రాక్టికల్‌ను నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోవడం తెలివైన పని. కరెంటు పోతే మూత తీయకుండా పాత దుప్పటి కప్పాలి, గాలి రంధ్రాలు మాత్రం మూయకూడదు. 12 వోల్టుల బ్యాటరీ పిన్ను ఉన్న మోడల్ దొరికితే నాలుగు వందలు ఎక్కువైనా అదే తీసుకోవాలి.

నీళ్ల దగ్గర ఒక్కటే గుర్తుపెట్టుకోవాలి. తేమను తెచ్చేది నీటి లోతు కాదు, నీటి పైభాగం వైశాల్యం. కాలువ అంచుదాకా నింపినా, సగం నింపినా తేమ ఒకటే. రెండు కాలువలు నింపితే మాత్రం పెరుగుతుంది. మొదటి 18 రోజులు ఒక కాలువ, 50 నుంచి 55 శాతం. చివరి మూడు రోజులు రెండూ, 65 నుంచి 70. డిస్‌ప్లే మీది తేమ అంకెను నమ్మకుండా గుడ్డును తూచడం మేలు. బంగారం తూచే చిన్న కాటా చాలు. 45 గ్రాముల నాటు గుడ్డు 18వ రోజుకు 5 గ్రాములు, కాస్త అటూఇటూ తగ్గాలి. తగ్గకపోతే లోపల గాలి గది చిన్నదై పిల్ల చివర్లో ఊపిరాడక పోతుంది. కూలర్ నడిచే గదిలో పెట్టిన పెట్టెల్లో ఇదే జరుగుతుంది. బోరు నీళ్లు పోస్తే కాలువల్లో తెల్లగా పేరుకుంటుంది, ఆర్వో నీళ్లు వాడాలి.

గుడ్డు లోపల కూడా నీటి కదలికే పెద్ద పని చేస్తుంది. పిండం కణాలు తెల్లసొన నుంచి ఉప్పును పంపు చేసి కిందికి తోస్తే, దాని వెంట నీళ్లు పోయి పిండం కింద చెరువులా చేరతాయి. మెదడు గొట్టంలోనూ ఇదే తరహా. గొట్టం రెండు పక్కలా మూసుకున్నాక లోపల ద్రవం చేరి ఒత్తిడి పెరిగి, బుడగలో గాలి ఊదినట్టు మెదడు ఉబ్బుతుంది. 1977లో డెస్మండ్, జాకబ్సన్ కోడి పిండం మెదడులోకి సన్నని గొట్టం పెట్టి ఆ ద్రవాన్ని బయటికి పోనిచ్చారు. మెదడు పెరగాల్సినంత పెరగలేదు, గోడ లోపలికి ముడతలు పడింది. 48 గంటల స్లైడులో బుడగల్లా కనిపించే మెదడు నిజంగానే బుడగ అని విద్యార్థికి నమ్మకం కలిగేది, పెంకులో చిన్న కిటికీ కోసిన గుడ్డులో అది మెరుస్తూ బిగువుగా కనిపించినప్పుడే.

గుడ్లు తిప్పే రోలర్లే ఈ పెట్టె అమ్మకానికి ముఖ్య ఆకర్షణ. రెండు గంటలకోసారి మోటారు కాసేపు తిరిగి గుడ్లను పొడవు ఇరుసు మీద దొర్లిస్తుంది. పొదిగే కోడి ముక్కుతో చేసే పనే ఇది. 1957లో డెనిస్ న్యూ చూపించినట్టు, గుడ్డు తిప్పడం అన్నిటికంటే ముఖ్యమైన రోజులు 4 నుంచి 7. ఆ రోజుల్లో తిప్పకపోతే తర్వాత ఎంత తిప్పినా నష్టం పూడదు. పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుపోతుంది, తెల్లసొన సరిగ్గా వాడుకోదు. కాబట్టి పిల్లలు తీయాలనుకునేవాళ్లు రోలర్లు నిజంగా తిప్పుతున్నాయో లేదో చూసుకోవాలి. గుడ్డుకు ఒకవైపు పెన్సిల్‌తో ఇంటూ గుర్తు, మరోవైపు సున్నా పెడితే పట్టేస్తాం. ఫారం గుడ్డు సైజుకు చేసిన రోలర్ల మధ్య మన చిన్న నాటు గుడ్డు జారి కూర్చుని, అక్కడే గిరగిరా ఊగుతుంది తప్ప పూర్తిగా తిరగదు. రోలర్ల మధ్య దూరం తగ్గించే గాడి ఉంది గానీ చివరి గాడి కూడా 40 గ్రాముల గుడ్డుకు ఎక్కువే. రోలర్‌కు సైకిల్ ట్యూబు ముక్క తొడిగితే పట్టు దొరుకుతుంది. 2.5 మార్కులకు దిగిపోవడానికి ఇదొక కారణం, చల్లని మూల రెండోది.

మన పనికి మాత్రం తిప్పకపోవడమే కావాలి. పచ్చసొనలో పిండం ఉన్న వైపు తేలిక, కాబట్టి గుడ్డును ఎలా పడుకోబెట్టినా కాసేపటికి ఆ వైపు పైకి తేలుతుంది. మూడు రోజులు గుడ్డును కదలకుండా పక్కకు పడుకోబెట్టి, పైభాగంలో పెన్సిల్ గుర్తు పెడితే, కిటికీ ఎక్కడ కోయాలో ముందే తెలిసిపోతుంది. రోలర్ మోటారుకు వేరే వైరు, వేరే ప్లగ్ ఉండటం ఈ మోడల్లో మంచి విషయం. పీకేస్తే చాలు. రెండూ ఒకే బోర్డు మీద ఉన్న చవక మోడల్ కొనొద్దు.

పిండం తల ఎటు ఉంటుందో కూడా ముందే చెప్పొచ్చు. గుడ్డు మొద్దు కొస మీ ఎడమ చేతి వైపు పెట్టి చూస్తే పిండం గుడ్డుకు అడ్డంగా పడుకుని ఉంటుంది, తోక మీ వైపు, తల అవతలి వైపు. ఎక్కువ గుడ్లలో ఇది నిజమవుతుంది. పిండాల మీద పనిచేసిన శాస్త్రవేత్త ఫాన్ బేయర్ పేరుతో ఈ నియమం ఉంది. దీనికి కారణం గురుత్వాకర్షణ. కోడి కడుపులో పెంకు పడే సంచిలో గుడ్డు ఇంచుమించు 20 గంటలు ఉంటుంది, అక్కడ నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. పెంకు తిరుగుతున్నా లోపలి సొన బరువు వల్ల కిందికే ఒరిగి ఉండటంతో పిండం ఉన్న బిళ్ల ఏటవాలుగా నిలుస్తుంది. పైకి ఉన్న అంచు తోక అవుతుంది. 1971లో కోఖావ్, ఇయాల్-గిలాడి దీన్ని ప్రయోగంతో చూపించారు. తెల్లసొనలో మెలితిరిగి కనిపించే తెల్లని తాడు కూడా ఆ తిరుగుడు గుర్తే. అంటే గుడ్డు పెట్టకముందే, పొదగకముందే మొదటి బలం తన పని చేసేసింది.

కిటికీ తీయడం పెట్టెతో పాటు వచ్చే పని కాదు, సామాను మీరే తెచ్చుకోవాలి. 5 మి.లీ. సిరంజి, 18 గేజ్ సూది, పారదర్శకమైన టేపు, వంపు మొన కత్తెర, పలుచని స్పిరిట్, దూది, లీటరుకు 7.2 గ్రాముల సోడియం క్లోరైడ్, 0.37 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 0.17 గ్రాముల కాల్షియం క్లోరైడ్ కలిపిన రింగర్ ద్రావణం. 40 నుంచి 48 గంటల గుడ్డును తీసి, గుర్తు పైకి ఉండేలా దూది చుట్ట మీద అరగంట కదలకుండా ఉంచాలి. స్పిరిట్‌తో తుడిచి ఆరాక మొద్దు కొస దగ్గర సూదిని నిలువుగా కిందికి దించి 3 మి.లీ. తెల్లసొన లాగేయాలి. పసుపు రంగు వచ్చిందంటే పచ్చసొన పగిలింది, ఆ గుడ్డు వదిలేయండి. ఇలా లాగడంతో సొన కిందికి దిగి పిండం పెంకుకు దూరమవుతుంది. ఈ మెట్టు దాటేసి నేరుగా పైన కోస్తే పిండం కత్తెర మొనకే తగులుతుంది, కొత్తవాళ్లు పాడుచేసే గుడ్లలో ఎక్కువ ఇక్కడే పోతాయి. సూది రంధ్రం మీద టేపు వేసి, పైభాగం మీద కూడా టేపు అంటించి, కత్తెర మొనను పెంకు లోపలి వైపుకు ఆనించి పట్టుకుని రెండు సెంటీమీటర్ల అండాకారపు కిటికీ కోయాలి. టేపు వల్ల పెంకు పొడి లోపల రాలదు.

తీసిన క్షణంలో పిండం కనిపించదు. పచ్చసొన మీద ఒక లేత పాల మరక, అంతే. దాని కిందికి 1:10 గా రింగర్‌లో కలిపిన నల్ల డ్రాయింగ్ ఇంకును ఇన్సులిన్ సిరంజితో 0.1 మి.లీ. ఎక్కిస్తే నల్ల తెర మీద వెన్నెల గీసినట్టు పిండం తేలుతుంది. సూదిని మరకకు బాగా బయట గుచ్చి, కిందుగా లోపలికి తీసుకెళ్లాలి. ఫౌంటెన్ పెన్ ఇంకుల్లో కొన్నింటికి ఫినాల్ కలుపుతారు, గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఇక చూడాల్సింది గుండె. స్లైడులో వంపు, ఇక్కడ అదురుతున్న గొట్టం. అది రెండు కొసల్లో కట్టేసి ఉంది, పొడవు మాత్రం పెరుగుతోంది. వంగక తప్పదు. కానీ పక్కకు ఎందుకు తిరగాలి? ఆ దశలో గుండె మీద పలుచని పొర ఒకటి పరుచుకుని ఉంటుంది. అది గుండెను మీది నుంచి నొక్కుతూ పక్కకు దొర్లేలా చేస్తుంది. అమెరికాలో లారీ టేబర్ అనే పరిశోధకుడి బృందం ఆ పొరను తీసేసి చూస్తే తిరుగుడు వెనకబడింది. వాళ్లు గమనించిన ఇంకో విషయం ఈ పెట్టె వాడేవాళ్లందరూ గోడ మీద రాసి పెట్టుకోవాలి. పిండం పైన ద్రవం సన్నని పొరగా మిగిలితే, ఆ నీటి తలతన్యతే గుండెను వంచేంత బలంగా నొక్కుతుంది. అంటే కిటికీ తీసి రింగర్ వేయకుండా ఆరబెడితే, మీరు చూస్తున్న వంపు పిండానిదో మీ అజాగ్రత్తదో చెప్పలేరు. పిండం ఎప్పుడూ ద్రవంలో మునిగి ఉండాలి. ఆ రింగర్ కూడా 37 డిగ్రీలది. చల్లనిది పోస్తే గుండె నెమ్మదిస్తుంది, కొట్టుకోవడం ఆగిపోవచ్చు కూడా. వెచ్చనిది పోస్తే మళ్లీ అందుకుంటుంది. ఈ తేడాను కావాలని ఒకసారి చూపించండి, విద్యార్థులు మర్చిపోరు.

మూడో రోజుకు సొన మీద రక్తనాళాల వల పరుచుకుంటుంది. వెడల్పాటి దారులు ఎలా ఏర్పడ్డాయంటే, ఎక్కువ రక్తం పారిన సందులు వెడల్పవుతాయి, తక్కువ పారినవి మూసుకుపోతాయి. రిచర్డ్ థోమా 1893లో కోడి పిండంలోనే ఇది గమనించాడు. 2004లో ల నోబుల్ బృందం ఒక ధమనిని ఎత్తి ప్రవాహం మళ్లిస్తే, ఆ నాళం సిర లక్షణాలు తెచ్చుకుంది. పొలంలో వాన నీళ్లు తమ దారి తామే కోసుకున్నట్టు. మూతలో ఇచ్చిన ఎల్‌ఈడీ కాంతి ఈ వల చూడటానికి చాలదు, ముఖ్యంగా గోధుమరంగు పెంకు గుడ్లలో. చీకటి గదిలో ఫోన్ టార్చ్‌కు నల్ల రబ్బరు వాషర్ అడ్డుపెట్టి చూస్తే దీనికంటే బాగుంటుంది.

గుడ్డు నుంచి పిండాన్ని బయటికి తీసి పెంచాలనుకుంటే ఈ పెట్టె కాస్త ఇబ్బంది పెడుతుంది. 2001లో చాప్‌మన్ బృందం రాసిన పద్ధతి సులువైనది. ఫిల్టర్ కాగితానికి మధ్యలో రంధ్రం చేసి సొన పైపొర మీద పెట్టి, చుట్టూ కత్తిరించి, కాగితంతో సహా పిండాన్ని ఎత్తి, అగర్ (జెల్లీలా గడ్డకట్టే పదార్థం) మీద తిరగేసి పరచాలి. 120 మి.లీ. ఉప్పునీటిలో 0.72 గ్రాముల అగర్ మరిగించి, 49 డిగ్రీలకు చల్లార్చి, అంతే కొలత పల్చని తెల్లసొన కలిపి, 35 మి.మీ. గిన్నెల్లో రెండు మి.లీ. చొప్పున పోస్తే చాలు. కాగితం ఎందుకంటే డప్పు మీది తోలు లాంటిది ఆ పైపొర. మంట దగ్గర కాచి బిగించని డప్పు మోగదు. సడలిన పొర మీద పిండం కూడా పెరగదు. పిండం బిళ్ల అంచు కణాలు ఆ పొరను పట్టుకుని బయటికి పాకుతూ బిళ్లను లాగి పరుస్తాయి. కాగితం అతుకు ఒకచోట ఊడితే ఆ పక్కంతా ముడుచుకుపోతుంది. పెట్టెలో ఫ్యాను గాలి గిన్నెలను ఆరబెడుతుంది, కాబట్టి రోలర్లు తీసేసి, తడి దూది వేసిన స్టీలు టిఫిన్ డబ్బాలో గిన్నెలు పెట్టి మూత సగం వేసి ఉంచాలి. మూత పూర్తిగా బిగిస్తే ఆవిరి చుక్కలై పిండం మీద పడుతుంది.

పేగు మెలికలు మాత్రం ఈ పెట్టెలో చూడటం కుదరదు. అవి రెండో వారంలో పడతాయి, ఆ వయసు పిండంతో తరగతిలో పని చేయకూడదు. దానికి బదులు బల్ల మీద చేసి చూపించొచ్చు. పలుచని రబ్బరు షీటును రెండు చేతులా బాగా సాగదీసి పట్టుకుని, దాని అంచుకు సాగదీయని సైకిల్ వాల్వ్ ట్యూబును దగ్గర దగ్గరగా కుట్టి వదిలేస్తే, షీటు ముడుచుకుంటూ ట్యూబును ఒకే సైజు వంకీలుగా మడతపెడుతుంది. పేగు దాన్ని కట్టిపెట్టిన పలుచని పొర, అంటే మెసెంటరీ కంటే వేగంగా పెరగడం వల్ల లోపల జరిగేదీ ఇదే. హార్వర్డ్‌లో మహదేవన్, ట్యాబిన్ బృందాలు 2011లో పేగును ఆ పొర నుంచి వేరుచేస్తే పేగు నిటారుగా సాగింది, పొర ముడుచుకుంది. షీటు మందం, ట్యూబు లావు మార్చి కుట్టి చూడండి, వంకీల సైజు మారుతుంది. ఆ ఇద్దరి లెక్క సూత్రం కూడా అదే చెప్తుంది. ఖర్చు 40 రూపాయలు, ఇంక్యుబేటర్ అక్కర్లేదు.

కాలేజీ ఎథిక్స్ కమిటీకి రాసి ఇచ్చి, నాలుగో రోజుతో ఆపడం మా సూచన. నాలుగో రోజుకే పిండం తనంతట తాను కదలడం మొదలుపెడుతుంది. ఆ కదలిక లేకపోతే కీళ్లు అతుక్కుపోతాయని 1962లో డ్రాక్‌మన్, కూలోంబ్ర్ కండరాలను కదలనివ్వని క్యురారే అనే విషం ఎక్కించిన పిండాల్లో చూపించారు. పని అయిపోయిన గుడ్లను 4 డిగ్రీల లోపు చలిలో కనీసం 4 గంటలు ఉంచి, తర్వాతే పారేయాలి.

మిగతా లోపాలు చిన్నవి. అలారం గొంతు భరించలేం, తగ్గించే మార్గం లేదు. మూత తీసిన నిమిషానికే నాలుగైదు డిగ్రీలు పడిపోతుంది, కాబట్టి 20 మంది విద్యార్థులు ఒక్కొక్కరే వచ్చి తొంగిచూసే పద్ధతి వద్దు. రెండు పిన్నుల ప్లగ్, చిన్న వైరు. సర్వీసు అంటూ ఏమీ లేదు, ఫోను ఎత్తరు. ముందు పాడయ్యేది రోలర్ మోటారు లోపలి ప్లాస్టిక్ గేరు. అది పోతే కొత్త పెట్టె కొననక్కర్లేదు. మైక్రోవేవ్ ఓవెన్ పళ్లెం తిప్పే రకం 220 వోల్టుల సింక్రొనస్ మోటారు రిపేరు దుకాణాల్లో దొరుకుతుంది. నిమిషానికి ఎన్ని చుట్లో, షాఫ్టు కొలత ఎంతో పాతదానితో సరిపోలితే చాలు. ఈ రకం మోటారు ఒక్కోసారి ఒక్కో వైపు తిరగడం మొదలుపెడుతుంది, దాన్ని తప్పుగా బిగించామని విప్పకండి. గుడ్డును ఎప్పుడూ ఒకే వైపు తిప్పడం కంటే అదే నయం.